కోవిడ్ టైమ్‌లో యూరోపియన్ యూనియన్: మార్చిలో చీలి జులైకల్లా ఎలా కలిసింది?

కర్నూలు_పాలిటీ (ప్రశ్న):
అన్నలకు, అక్కలకు నమస్తే. గ్రూప్-1 మెయిన్స్ కోసం "మహమ్మారి ఒక ప్రాంతీయ కూటమి ఐక్యతకు పెట్టే పరీక్ష" అనే టాపిక్ మీద నోట్స్ రాసుకుంటున్నాం. కోచింగ్ మెటీరియల్‌లో ఎక్కడ చూసినా "మొదట స్వార్థం, తర్వాత సంఘీభావం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాలుగు నెలల్లో 27 దేశాల మనసు మారిపోయిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. అసలు ఏ అధికారం ఎవరి దగ్గర ఉంది, ఏది మారింది? ఇంకోటి, 2021 మేలో మా కర్నూలు పక్కనే పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్ర రోగుల అంబులెన్సులు ఆపేశారు కదా, ఆ ఉదాహరణ ఇందులో వాడొచ్చా?

అనంత_సివిక్స్:
తమ్ముడూ, మనసుల సంగతి పక్కన పెట్టు. ఒప్పందం చూడు. యూనియన్ పనితీరు ఒప్పందంలో 168వ అధికరణం ప్రకారం ఆసుపత్రులు, వైద్య సేవలు సభ్య దేశాల సొంత వ్యవహారం. యూనియన్ సాయం చేయొచ్చు, సమన్వయం చేయొచ్చు, అంతే. కాబట్టి 2020 ఫిబ్రవరి నెలాఖరులో ఇటలీ మాస్కుల కోసం సివిల్ ప్రొటెక్షన్ మెకానిజం (విపత్తుల్లో దేశాలు ఒకదానికొకటి సాయపడే ఏర్పాటు) ద్వారా సాయం అడిగినప్పుడు, ఇవ్వమని ఎవరినీ ఆదేశించే అధికారం బ్రస్సెల్స్‌కు, అంటే యూనియన్ కేంద్ర సంస్థలకు, లేదు. ఒక్క దేశమూ ముందుకు రాలేదు.

ఎందుకు రాలేదో రాస్తేనే మార్కులు. ఆ మెకానిజం నడిచేది దేశాలు స్వచ్ఛందంగా ఇచ్చే సాయం మీద. గ్రీసులో అడవులు తగలబడితే వేరే దేశం విమానం పంపుతుంది, ఎందుకంటే ఆ వారం దాని సొంత అడవులకు ముప్పు లేదు. వైరస్ అందరి మీదా ఒకేసారి పడింది. ఇవ్వగలిగే స్థితిలో ఎవరూ లేకపోతే ఆ వ్యవస్థ మొత్తం కూర్చుండిపోతుంది. అందుకే మార్చి 19న యూరోపియన్ కమిషన్ (యూనియన్ కార్యనిర్వాహక విభాగం) సొంతంగా వైద్య సామగ్రి నిల్వ మొదలుపెట్టింది. ఖర్చులో 90 శాతం యూనియన్‌దే, సరుకు మాత్రం సభ్య దేశాల్లో ఉంటుంది.

ఇక ఎగుమతి నిషేధాలు. మార్చి మొదటి వారంలో ఫ్రాన్స్ మాస్కులను స్వాధీనం చేసుకుంది, జర్మనీ రక్షణ సామగ్రి బయటికి పోకుండా ఆపింది. 36వ అధికరణం ప్రజారోగ్యం పేరుతో సరుకు ఆపడానికి కొంత వెసులుబాటు ఇస్తుంది కాబట్టి కేసు వేసి గెలిచేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. కమిషన్ ఇంకో దారి పట్టింది. యూనియన్ బయటికి పోయే సామగ్రికి పర్మిట్ తప్పనిసరి చేస్తూ మార్చి 15న రూల్ తెచ్చింది, ఎందుకంటే విదేశీ వాణిజ్యం పూర్తిగా దాని చేతిలోని అధికారం. సరుకు ఖండం దాటిపోతుందన్న భయం పోయాక లోపలి నిషేధం ఎత్తేయమని జర్మనీని అడగడానికి నోరు వచ్చింది. కొద్ది రోజుల్లో జర్మనీ ఎత్తేసింది కూడా. మొత్తం ఎపిసోడ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. తనకు లేని అధికారం కోసం కొట్లాడకుండా, ఉన్న అధికారంతోనే పని జరిపించుకుంది.

సరిహద్దులు క్లుప్తంగా: షెంగెన్ అంటే లోపలి సరిహద్దుల్లో తనిఖీలు లేని ప్రాంతం. అప్పటి షెంగెన్ కోడ్ 28వ అధికరణం కింద ముందస్తు నోటీసు లేకుండా 10 రోజులు తనిఖీలు పెట్టే వీలుండేది, పొడిగించుకుంటూ రెండు నెలల దాకా లాగే వీలుండేది (2024లో ఈ కోడ్‌ను సవరించారు). కాబట్టి "షెంగెన్ కూలిపోయింది" అని రాయొద్దు. లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాక మార్చి 23న కమిషన్ గ్రీన్ లేన్లు (సరుకు లారీలకు వేగంగా దారిచ్చే వరుసలు) ప్రతిపాదించింది. చెకింగ్‌తో కలిపి ఏ లారీ అయినా 15 నిమిషాల్లో సరిహద్దు దాటాలన్నది లక్ష్యం.

కడప_ఎకనామిక్స్:
పైన రాసింది సరిపోతుంది. డబ్బు సంగతి నేను రాస్తా, అసలు పరీక్ష అక్కడే జరిగింది.

మార్చి 12న యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అధ్యక్షురాలు లగార్డ్, దేశాల బాండ్ల (ప్రభుత్వాలు అప్పు తెచ్చుకునే పత్రాల) వడ్డీల మధ్య తేడా తగ్గించడం మా పని కాదన్నట్టు మాట్లాడారు. ఇటలీ బాండ్లు ఆ రోజే పడిపోయాయి. మార్చి 18న అదే బ్యాంక్ 750 బిలియన్ యూరోల బాండ్ల కొనుగోళ్లు ప్రకటించింది, ఆ సంవత్సరం చివరికి దాన్ని 1,850 బిలియన్లకు పెంచింది. అప్పులో ఉన్న దేశాలకు ఊపిరి అందింది ఇక్కడే. దీనికి 27 దేశాల సంతకాలు అక్కర్లేదు, బ్యాంక్ పాలకమండలి ఒప్పుకుంటే చాలు. అందుకే అంత తొందరగా అయింది.

సంతకాలు కావలసిన చోట నాలుగు నెలలు పట్టింది. మార్చి 25న ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ సహా తొమ్మిది దేశాల నేతలు ఉమ్మడి అప్పు కావాలని లేఖ రాశారు. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ గ్రాంట్లు (తిరిగి కట్టక్కర్లేని సాయం) వద్దు, అప్పులే ఇవ్వాలన్నాయి. మే 18న అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కలిసి 500 బిలియన్ల గ్రాంట్లు ప్రతిపాదించడంతో లెక్క మారింది. జులై 17న మొదలైన శిఖరాగ్ర సమావేశం 21 తెల్లవారుజామున ముగిసింది. తేలింది: కోవిడ్ నుంచి కోలుకోవడానికి ఉమ్మడి నిధి మొత్తం 750 బిలియన్లు, అందులో 390 గ్రాంట్లు, 360 అప్పులు. ఆ నాలుగు దేశాలకు బడ్జెట్ చందాలో ఇచ్చే రాయితీ పెంచారు. సంఘీభావం అని రాసే ముందు ఈ బేరం రాయండి.

చాలామంది తప్పు చేసేది ఒకచోట: "దేశాల అప్పులు కలిపేశారు" అని రాస్తారు. పాత అప్పు ఎవరిది వాళ్లదే. కమిషన్ తన బడ్జెట్ హామీ మీద కొత్తగా అప్పు తెచ్చింది. అందుకోసం యూనియన్ సొంత వనరుల (సభ్య దేశాల నుంచి రాబట్టగల ఆదాయం) పరిమితిని తాత్కాలికంగా జాతీయాదాయంలో 0.6 శాతం మేర పెంచాలి, దాన్ని 27 దేశాలూ ఆమోదించాలి. ఆ పని 2021 మే చివరికి పూర్తయింది, జూన్‌లో మొదటి బాండ్లు వచ్చాయి, తీర్చడానికి గడువు 2058.

కర్నూలు_పాలిటీ:
చాలా స్పష్టంగా ఉంది అన్నా, థాంక్స్. హంగరీ, పోలండ్ వీటో ఎక్కడ వస్తుంది? వ్యాక్సిన్లు కూడా చెప్పండి.

సీమ_రాజ్యాంగం:
వీటో 2020 నవంబర్‌లో. చట్టబద్ధ పాలన దెబ్బతింటే నిధులు ఆపొచ్చన్న నిబంధనకు అడ్డంపడి, బడ్జెట్ మొత్తాన్ని ఆపాయి. డిసెంబర్ సమావేశంలో వివరణ ప్రకటన ఇచ్చి సర్దుబాటు చేశారు.

వ్యాక్సిన్లు కమిషన్ అందరి తరఫున కొని, జనాభా లెక్కన పంచింది. చిన్న దేశానికి జర్మనీతో సమానమైన ధర, అదే సమయానికి. నష్టం కూడా ఉంది: 2021 మొదట్లో ఆస్ట్రాజెనెకా సరఫరా తగ్గితే అందరికీ ఒకేసారి తగ్గింది. హంగరీ అప్పుడు రష్యా స్పుత్నిక్, చైనా సినోఫార్మ్ టీకాలు సొంతంగా కొనుక్కుంది. ఇక్కడ మన దేశంతో పోలిక బాగా పనికొస్తుంది. 2021 మే 1 నుంచి మన రాష్ట్రాలను ఎవరికి వాళ్లు కొనుక్కోమన్నారు, ఆంధ్రప్రదేశ్ గ్లోబల్ టెండర్ పిలిస్తే బిడ్లు రాలేదు. జూన్ 21 నుంచి 75 శాతం కేంద్రమే కొనేలా మార్చారు. అంటే సార్వభౌమ దేశాలు ఉమ్మడిగా కొంటున్న రోజుల్లో ఒకే దేశంలోని రాష్ట్రాలు పోటీపడ్డాయి.

పుల్లూరు ఉదాహరణ వాడొచ్చు, కానీ తేడా చెప్పి వాడాలి. ఆసుపత్రులు రాష్ట్ర జాబితా 6వ అంశం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటువ్యాధి పాకకుండా చూడటం ఉమ్మడి జాబితా 29. అంతర్రాష్ట్ర క్వారంటైన్ కేంద్ర జాబితా 81. ముందస్తు అనుమతి లేనిదే రోగులు రావొద్దని తెలంగాణ మే 11న సర్క్యులర్ ఇస్తే, మే 14న అక్కడి హైకోర్టే స్టే ఇచ్చింది. పైగా విభజన చట్టం 5వ సెక్షన్ ప్రకారం 2024 జూన్ దాకా హైదరాబాద్ ఉమ్మడి రాజధాని. యూరప్‌లో ఇలాంటి అడ్డంకులు తొలగించే పని కమిషన్ బేరాలతో చేయాల్సి వచ్చింది, ఇక్కడ కోర్టు నాలుగు రోజుల్లో చేసింది.

కడప_ఎకనామిక్స్:
ఒక జాగ్రత్త. జులై ఒప్పందంలోని 750, 390, 360 అన్నీ 2018 ధరల్లో లెక్కలు. కొన్ని పుస్తకాల్లో ప్రస్తుత ధరల్లో సుమారు 807 అని ఉంటుంది. ఒకే జవాబులో రెండూ కలిపితే కూడిక తప్పుతుంది. ఏ ధరలో పక్కనే రాసి, చివరి దాకా ఒక్కదాన్నే వాడండి.