గునుగు, తంగేడు గింజలు తెచ్చి మిద్దె మీద పెంచితే తప్పా?

మిద్దెతోట:
పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు బతుకమ్మ పేర్చడానికని కాలనీ సెంటర్‌లో గునుగు పూల కట్ట కొంటే ఇంటికొచ్చేసరికి సగం వాడిపోయింది. తంగేడు కోసం ఊరవతలికి పోతే, పొదలున్న చోటంతా చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతారు. అందుకే ఈసారి రెండూ గింజలతోనే వేశాను. గునుగు రెండు కుండీల నిండా మొలిచింది. తంగేడు ముప్పై గింజలు వేస్తే రెండే మొలిచాయి. వచ్చే ఏడు గింజ కట్టి కాలనీలో అందరికీ పంచుదామనుకుంటున్నా. ఈ మాటే వేరే గ్రూపులో రాస్తే ఒకాయన "బీడులో గింజ ఏరడం దొంగతనమే" అన్నారు. నిజంగానే తప్పు చేస్తున్నానా?

పత్తిచేను:
అక్కా, కోపం తెచ్చుకోకండి. మీరు ముద్దుగా పెంచేది మా చేలో కలుపు. నాకు రెండెకరాల పత్తి, ఎకరం మక్క ఉంది. శ్రావణంలో ముసురు పట్టి నాలుగు రోజులు చేలో అడుగు పెట్టలేకపోతే చాలు, పత్తి కనపడదు, గునుగే కనపడుతుంది. ఒక్కో మొక్కకు వేల గింజలు. ఒకసారి రాలితే వచ్చే ఏడూ మొలుస్తుంది, ఆ పై ఏడూ మొలుస్తుంది. కలుపు తీసే కూలీలు దొరక్క మందు కొడుతున్నాం గానీ సరదాకు కాదు. దాన్ని మీరు పొట్లాలు కట్టి పంచుతానంటే ఏమనాలో తెలియట్లేదు. తంగేడు ఎంతైనా పెంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

బీడుబాట:
దొంగతనం అన్నది నేనే. మాట పెద్దదైంది, వెనక్కి తీసుకుంటున్నా. కానీ మిద్దె మీద తంగేడు అంటే నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. తంగేడు మొరం నేలలో, ఎవరూ నీళ్లు పోయకుండా బతికే మొక్క. పశువులు పెద్దగా ముట్టవు. తోళ్లు ఊనడానికి బెరడు తీశారు, పొలానికి రొట్ట కొట్టారు, పళ్లు తోముకోవడానికి పుల్ల విరిచారు. అయినా మొదలు నుంచి మళ్లీ చిగురు వేసింది. మొదలంటా పెకలించేది జేసీబీ ఒక్కటే.

ఇంకో సంగతి. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. పెద్ద నల్ల తుమ్మెదలు పువ్వును పట్టుకుని జుమ్మని రొద చేస్తేనే ఆ పుప్పొడి రాలుతుంది. మూడో అంతస్తు మీద కుండీలో ఒక్క మొక్కను పెట్టి, దాని చుట్టూ ఉండేదంతా ఎక్కడి నుంచి తెస్తారు? పైగా నా దగ్గర ఒకటి ఉందిలే అనిపిస్తే గుట్ట కింద పోతున్న దాని గురించి అడిగేవాళ్లు ఉండరు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అన్నారు, సంతోషమే. దాంతో ఎన్ని పొదలు మిగిలాయి చెప్పండి?

గింజలసంచి:
ముందు మిద్దెతోట గారికి. ముప్పైలో రెండు మొలవడం మీ చేతి తప్పు కాదు, గింజ మొండిది. పై పొర నీటిని లోపలికి పోనివ్వదు. బీడులో అయితే ఎండకు, వానకు ఆ పొర మెల్లగా అరుగుతుంది. ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని మొలుస్తాయి. ఒక ఏడు వాన ఎగ్గొట్టినా వంశం పోదు. మనకు అంత ఓపిక ఉండదు కాబట్టి, నీళ్లు మరిగించి దించాక గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీదే ఉంచితే గింజ ఉడికిపోతుంది, నేను ఒకసారి అలాగే గుప్పెడు గింజలు పాడు చేశాను. తెల్లారి ఉబ్బినవి నాటండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది మళ్లీ నానేయండి. తల్లివేరు సూటిగా దిగుతుంది, చిన్న కుండీలో వేసి తర్వాత మార్చుదామంటే ఒప్పుకోదు. పొడుగాటి కవర్లో వేసి, అక్కడి నుంచి నేరుగా నేలలోకి మార్చండి.

గింజ ఏరేటప్పుడు కాయ చూసుకోండి. రోడ్ల పక్క చెట్టుగా పెరిగే సీమ తంగేడు పువ్వూ పసుపే, దాని గింజలు తెచ్చుకుని మోసపోయినవాళ్లున్నారు. మన తంగేడు పొద. కాయ పలుచగా, కాగితంలా ఉంటుంది.

గునుగుకు ఈ తంటాలేవీ లేవు. తోటకూర కుటుంబం కదా, గింజ కూడా అలాగే నల్లగా మెరుస్తుంది. ఇసుకలో కలిపి చల్లి, పైపైన మట్టి అద్దితే చాలు. చిన్న కుండీలో కిక్కిరిసి ఉంటే మాత్రం జానెడు ఎత్తులోనే బొటనవేలంత కంకి వేసి ఊరుకుంటుంది. పలుచన చేయండి. తీసిన లేత మొక్కలు పారేయకండి, గునుగాకు పప్పులో బాగుంటుంది.

బీడుబాట గారూ, తుమ్మెద మాట నిజమే. కానీ మా పెరటి తంగేడు మీద పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టి, గొంగళ్లు ఆకంతా బోడి చేశాయి. వాటికి అడ్రస్ ఎవరిచ్చారు? అడవి పువ్వు అడవిలోనే అంటే పెరట్లో ఇంకేం వేయాలి? బతుకమ్మలో మనం వరసలుగా పేర్చే బంతి మెక్సికో నుంచి వచ్చింది. చంద్రకాంతదీ అమెరికా ఖండమే. గుర్రపు డెక్క పువ్వు బాగుందని తెచ్చుకుంటే చెరువులు ఎలా అయ్యాయో చూస్తూనే ఉన్నాం. ఆన్‌లైన్‌లో కొత్త కొత్త విదేశీ గింజలు తెప్పించేవాళ్లను ఎవరూ అడగరు గానీ, తంగేడు వేస్తే మాత్రం పంచాయితీ.

డాలస్_కోడలు:
ఇక్కడ టెక్సస్ రాష్ట్ర పుష్పం బ్లూబోనెట్. తంగేడులాగే అదీ చిక్కుడు జాతే, దాని గింజా అంతే మొండిది, గరుకు కాగితంతో రుద్ది సెప్టెంబరు తర్వాత చల్లుతారు. ఊరి నుంచి గునుగు గింజలు పర్సులో వేసుకొద్దామనుకునేవాళ్లు ఆగండి, పర్మిట్ లేకుండా తేకూడదు. ఇక్కడే ఫ్లెమింగో ఫెదర్ అని అమ్మేది గునుగే. చలి పూర్తిగా పోయాక వేస్తే మన పండక్కి అందుతుంది. నేను దాన్నే పేరుస్తా.

పత్తిచేను:
గింజలసంచి అన్నా, పప్పు సంగతి మా అమ్మ కూడా అంటుంది, ఒప్పుకుంటా. కానీ నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. కాలనీ పక్కనే చేనుంటే ఆ రాలిన గింజలకు పూచీ ఎవరిది?

గింజలసంచి:
నిజమే, అది నేను దాటేశాను. కంకిలో కింది పువ్వులు గింజ పట్టేసరికి పైన ఇంకా పూస్తూనే ఉంటుంది. పండగకు కోసేటప్పుడు మొత్తం మొక్క పీకేస్తే చాలావరకు ఆగుతుంది. విత్తనానికి ఒకటి రెండు ఉంచుకుంటే వాటికి పలుచని గుడ్డ సంచి కట్టాలి. చేల పక్కనుండేవాళ్లకు పంచొద్దు అని నేనూ అంటాను.

బీడుబాట:
గునుగు మీద మీరిద్దరూ రాజీ పడ్డారు, మంచిది. తంగేడు మీద నేను మారలేదు. కుండీ ఎవరి ఇష్టం వాళ్లది. ఆ కవర్లో మొక్కలు చెరువు కట్ట వెనకో బడి గోడ పక్కనో నాటేవాళ్లుంటే నేనూ గడ్డపార పట్టుకుని వస్తా.

పత్తిచేను:
అక్కా, ఇంకో మాట. మా గట్టు మీద, చేలో గునుగు ఎటూ ఉంటుంది. బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాటి నుంచి రోజూ వచ్చి పీక్కుపోండి, డబ్బులొద్దు. కంకి కోసి మొక్క వదిలేయడం కాదు, వేరుతో సహా పీకాలి. మీకు పండగ, నాకు ఒక కలుపు తప్పుతుంది. మందు కొట్టిన మడి ఏదో ముందే చెప్తా, అటు పోవద్దు.

మిద్దెతోట:
తమ్ముడూ, మా కాలనీ నుంచి పదిహేను మంది ఆడవాళ్లం వస్తాం. పొద్దున ఎన్నింటికి రమ్మంటావు?

పత్తిచేను:
మంచు ఆరాక రండి. పదిహేను మందా? అయితే మక్క చేను కూడా చూపిస్తా.