పాత టర్బైన్ గవర్నర్ మార్చాలి: ఈ ఆఫ్ సీజన్‌లో ఎంతవరకు చేయొచ్చు?

ఇన్‌స్ట్రు_బొబ్బిలి:
అందరికీ నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కోజనరేషన్‌లో (స్టీమ్, కరెంట్ రెండూ తీసే ప్లాంట్) ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. మాది ఎక్స్‌ట్రాక్షన్ కండెన్సింగ్ టర్బైన్ (మధ్యలోంచి కొంత స్టీమ్ ఫ్యాక్టరీకి తీసి, మిగతాది కండెన్సర్‌కి పంపే రకం), గేర్‌బాక్స్ మీద 1500 ఆర్‌పీఎం జనరేటర్, 11 కేవీ. కంట్రోల్ ప్యానెల్ టర్బైన్‌తో పాటు వచ్చిందే, ఇరవై ఏళ్లు దాటిపోయింది. గవర్నర్ (స్టీమ్ వాల్వ్ కదిపి స్పీడ్, లోడ్ అదుపు చేసే పెట్టె) డిస్‌ప్లే సగం కనబడదు, కార్డులకి స్పేర్ లేదు, ఆపరేటర్ కంప్యూటర్ ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తోంది (దానికి 2014 ఏప్రిల్ 8తోనే సపోర్ట్ ఆగిపోయింది). మొన్న సీజన్‌లో లోడ్ ఊగడం మొదలైంది, ఎక్స్‌ట్రాక్షన్ ప్రెషర్ కూడా దాంతో పాటే ఊగుతోంది. బాయిలింగ్ హౌస్ వాళ్లు రోజూ ఫోన్లే.

రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి గవర్నర్ ఒక్కటే మార్చడం. రెండోది గవర్నర్, ఓవర్‌స్పీడ్ (స్పీడ్ హద్దు దాటితే మిషన్ ఆపే రక్షణ), వైబ్రేషన్, కంప్యూటర్ అన్నీ కలిపి, ధర చూసి మేనేజ్‌మెంట్ వెనక్కి తగ్గింది. క్రషింగ్ డిసెంబర్‌లో. గవర్నర్ ఒక్కటి మార్చి మిగతావి వచ్చే ఏడాదికి వదిలేస్తే ప్రమాదమా? ఏది ముందు చేయాలి?

స్టీమ్_చీపురుపల్లి:
తమ్ముడూ, కొటేషన్ సంగతి తర్వాత. ముందు ఆ గవర్నర్ బతికుండగానే లోపలున్న సెట్టింగులన్నీ రాసిపెట్టు. ప్రతి స్క్రీన్ ఫోటో తియ్యి. పాత ప్యానెళ్లలో ప్రోగ్రామ్‌ని బ్యాటరీ కాపాడే రకాలున్నాయి, అలాంటిది అయితే ఆఫ్ సీజన్‌లో పవర్ తీసేసినప్పుడు మొత్తం పోతుంది. క్రిటికల్ స్పీడ్ బ్యాండ్ (మిషన్ బాగా వణికే, ఆగకుండా దాటాల్సిన స్పీడ్లు), వార్మప్ టైములు, స్టీమ్ మ్యాప్ (ఏ లోడ్‌కి, ఎంత ఎక్స్‌ట్రాక్షన్‌కి ఎంత స్టీమ్ అనే పటం), ఇవి లేకపోతే కొత్త వెండర్ తన లెక్కలు పెడతాడు, నీ మిషన్ లెక్కలు కాదు.

రెండోది ట్రిప్ లిస్ట్, అంటే మిషన్‌ని దానంతటదే ఆపేసే కారణాల జాబితా. డ్రాయింగ్‌లో ఉన్నది కాదు, వైరు పట్టుకుని రిలే దాకా వెళ్లి చూసింది. ఇరవై ఏళ్లలో ఎవరెవరో వచ్చి ఒక కాంటాక్ట్ కలిపి ఉంటారు, ఇంకొకటి జంపర్ వేసి ఉంటారు. లూబ్ ఆయిల్ ప్రెషర్ తక్కువ, కంట్రోల్ ఆయిల్ తక్కువ, ఎగ్జాస్ట్ ప్రెషర్ ఎక్కువ, యాక్సియల్ షిఫ్ట్ (షాఫ్ట్ ముందుకో వెనక్కో జరగడం), జనరేటర్ లాకౌట్, ఎమర్జెన్సీ బటన్... ఒక్కోటి ఎక్కడ పుట్టి ఎక్కడ ట్రిప్ సోలినాయిడ్‌ని (స్టీమ్ మూయించే కరెంట్ వాల్వ్) పడేస్తుందో కాగితం మీదకి రావాలి. అప్‌గ్రేడ్‌లో నిజమైన పని ఇదే, కొత్త పెట్టె కొనడం చిన్న పని.

నీ అసలు ప్రశ్నకి: గవర్నర్‌తో పాటు ఓవర్‌స్పీడ్ కూడా ఈసారే మార్చు. వైబ్రేషన్, కంప్యూటర్ ఆగితే ఆగనీ. స్పీడ్ కంట్రోల్ చేసే పెట్టె, స్పీడ్ పెరిగితే ఆపే పెట్టె ఒక్కటే అయితే, అది ఫెయిలైన రోజు కాపాడేది ఏదీ ఉండదు. ఏపీఐ 670 (మిషన్ రక్షణ వ్యవస్థలకి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం) కూడా ఓవర్‌స్పీడ్‌ని కంట్రోల్ నుంచి వేరుగా, వేరే సెన్సర్లతో పెట్టమనే చెబుతుంది. మూడు ప్రోబులు, మూడింట్లో రెండు చెబితే ట్రిప్. ఒక ప్రోబ్ పాడైనా మిషన్ ఆగదు, ఉత్త నాయిస్‌కి పడిపోదు. మెకానికల్ బోల్ట్ (స్పీడ్ పెరిగితే షాఫ్ట్‌లోంచి బయటికి వచ్చి ట్రిప్ చేసేది) ఉంటే దాన్ని పరీక్షించడానికి మిషన్‌ని నిజంగానే 110 శాతం దాకా తీసుకెళ్లాలి, ఎలక్ట్రానిక్ దాన్ని మాత్రం నిలబడున్న మిషన్ మీదే ఫ్రీక్వెన్సీ ఇచ్చి చూసుకోవచ్చు. ప్రోబ్ ముందు తిరిగేది 60 పళ్ల చక్రం అయితే ఇంకా సులువు, హెర్ట్జ్ అంకె, ఆర్‌పీఎం అంకె ఒకటే.

ఇన్‌స్ట్రు_బొబ్బిలి:
చాలా థాంక్స్ అన్నా. ఫోటోలు రేపు ఫస్ట్ షిఫ్ట్‌లోనే తీస్తాను. ఒక డౌట్: లోడ్ ఊగడం కొత్త గవర్నర్‌తో పోతుందని వెండర్ గట్టిగా చెబుతున్నాడు. మా కరెంట్-టు-హైడ్రాలిక్ కన్వర్టర్ (గవర్నర్ ఇచ్చే కరెంట్‌ని ఆయిల్ ప్రెషర్‌గా మార్చేది) మాత్రం పాతదే ఉంచుతాడట.

స్టీమ్_చీపురుపల్లి:
ఆ మాట రాసివ్వమను, ఇవ్వడు. కనుక్కోవడం కష్టం కాదు. స్టీమ్ స్టాప్ వాల్వ్ మూసి, ఐసోలేషన్ ఖాయం చేసుకుని, ఆయిల్ పంపు నడిపి, గవర్నర్‌ని పక్కన పెట్టి కాలిబ్రేటర్‌తో కన్వర్టర్‌కి స్థిరమైన మిల్లీయాంపులు ఇయ్యి. వాల్వ్ కదలకుండా నిలబడితే తప్పు గవర్నర్ వైపో స్పీడ్ సిగ్నల్ వైపో ఉంది. కరెంట్ స్థిరంగా ఉండగానే వాల్వ్ వణికితే అది ఆయిల్, కన్వర్టర్, సర్వో, లింకేజ్ పిన్నులు, వీటిలో ఏదో ఒకటి. అప్పుడు ఎంత ఖరీదైన గవర్నర్ తెచ్చినా ఊగుడు ఊగుడే. ఇంకో చిన్న మెలిక, మెల్లగా పెంచి మళ్లీ తగ్గిస్తూ చూడు. ఎక్కేటప్పుడు ఒక చోట, దిగేటప్పుడు ఇంకో చోట ఆగుతుంటే వాల్వ్ స్పిండిల్ పట్టేస్తోంది లేదా పిన్నులు అరిగిపోయాయి. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి ఇప్పుడే పంపు, రిపోర్ట్ వచ్చాకే ఆర్డర్ మాట.

రిలే_శ్రీకాకుళం:
ఎలక్ట్రికల్ వైపు నుంచి ఒక మాట, దీన్ని అందరూ చివరికి వదిలేస్తారు. కొత్త గవర్నర్‌కి జనరేటర్ బ్రేకర్ కాంటాక్ట్ ఒక్కటే చాలదు, గ్రిడ్ టై బ్రేకర్ (ఫ్యాక్టరీని గ్రిడ్‌తో కలిపేది) కాంటాక్ట్ కూడా తప్పకుండా ఇవ్వాలి. గ్రిడ్‌తో ఉన్నంతసేపు డ్రూప్‌లో (లోడ్ పెరిగితే స్పీడ్ కొద్దిగా తగ్గనిచ్చే పద్ధతి) ఉంటుంది, టై తెరుచుకున్న క్షణంలో ఐసోక్రోనస్‌కి (లోడ్ ఎంతున్నా స్పీడ్ ఒకటే నిలిపే పద్ధతి) రావాలి, లేకపోతే ఫ్యాక్టరీ లోడ్ మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ జారుతుంది. ఎక్స్‌ట్రాక్షన్ ప్రెషర్ కంట్రోల్ కూడా ఆ సమయంలో స్పీడ్‌కి దారివ్వాలి, ఏది ముఖ్యమో ముందే నిర్ణయించి లాజిక్‌లో రాయించండి. మన దగ్గర ఇది పుస్తకాల మాట కాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, రెండుసార్లూ ఉత్తరాంధ్రలో గ్రిడ్ ఎలా పోయిందో చూశాం. తుపాన్ల కాలం, మీరు మిషన్ ఎక్కించే కాలం దాదాపు ఒకటే.

టై కాంటాక్ట్ స్విచ్‌యార్డ్ నుంచి వస్తుంది కాబట్టి ఆ కేబుల్ పొడవు, షీల్డ్ ఒక వైపే ఎర్త్ అవుతోందా, పిడుగుల సంగతి, ఇవి ముందే చూసుకోండి. స్పీడ్ ప్రోబ్ కేబుళ్లని మోటార్ కేబుళ్ల ట్రేలో వేయనివ్వకండి. రూపాయి ఖర్చు లేకుండా సగం ట్రిప్పులు అక్కడే తగ్గుతాయి.

ఇన్‌స్ట్రు_బొబ్బిలి:
సార్, టై కాంటాక్ట్ రెండు కొటేషన్లలోనూ లేదు. అడుగుతాను. కమిషనింగ్ నవంబర్ చివర్లో పెట్టుకుందామని వెండర్ అంటున్నాడు, సరిపోతుందా?

స్టీమ్_చీపురుపల్లి:
సరిపోదు. వాల్వ్ కాలిబ్రేషన్, లూప్ చెక్, ఉత్త సిగ్నల్‌తో ట్రిప్పులన్నీ చూడటం, ఇవి స్టీమ్ లేకుండా అయిపోతాయి. కప్లింగ్ విప్పి సోలో రన్ (టర్బైన్ ఒక్కదాన్నే తిప్పడం) చేయాలన్నా, ఓవర్‌స్పీడ్ చూడాలన్నా, ఆపైన లోడ్ పడేసి స్పీడ్ ట్రిప్ దాకా వెళ్లకుండా ఆగుతుందో లేదో చూడాలన్నా స్టీమ్ కావాలి. ఆఫ్ సీజన్‌లో నీకు బగాస్ (బాయిలర్‌లో మండించే చెరకు పిప్పి) ఎక్కడిది? బాయిలర్ వాళ్లతో ఇప్పుడే మాట్లాడి, యార్డ్‌లో మిగిలిన బగాస్‌లో ట్రయల్స్‌కి సరిపడా పక్కన పెట్టించు, టార్పాలిన్ కప్పించు, వానాకాలం తడిసిందంటే బాయిలర్ ప్రెషర్ నిలవదు. అది ఉంటే అక్టోబర్‌లోనే స్టీమ్ పెట్టి, తేడా వస్తే సరిదిద్దుకోడానికి ఒక నెల చేతిలో ఉంటుంది. లేకపోతే మొదటి చెరకు బండి గేటు దగ్గర నిలబడి ఉండగా నువ్వు గవర్నర్ గెయిన్ (ఎంత గట్టిగా స్పందించాలనే సెట్టింగ్) సెట్ చేస్తుంటావు, వెనక పది మంది నిలబడి ఎప్పుడవుతుందని అడుగుతుంటారు.

ప్యానెల్ వెండర్ షెడ్‌లో ఉండగానే నువ్వే వెళ్లి, నీ ట్రిప్ లిస్ట్ పట్టుకుని ఒక్కోటి పెట్టి చూపించమను. ఆపరేటర్‌ని కూడా తీసుకెళ్లు.

ఇన్‌స్ట్రు_బొబ్బిలి:
బగాస్ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు అన్నా, ఈరోజే బాయిలర్ ఇన్‌చార్జ్‌తో మాట్లాడతాను. మేనేజ్‌మెంట్‌కి గవర్నర్, ఓవర్‌స్పీడ్, టై కాంటాక్ట్ ఈ ఏడాది, వైబ్రేషన్, కంప్యూటర్ వచ్చే ఏడాది అని రాసి పెడుతున్నాను. మిల్లీయాంపుల టెస్ట్ ఈ వారంలో చేసి రీడింగులు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.