బస్సు దిగితే ‘గెట్ డౌన్’ అనకూడదా?

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. ఇంటర్వ్యూ కోసం చేయించిన అభ్యాసంలో ‘ఆమదాలవలసలో రైలు దిగాను’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే, దిగడానికి ‘గెట్ డౌన్’ వాడిందట. అక్కడివారు ‘గెట్ ఆఫ్’ అనాలని దిద్ది, కారు దిగితే మాత్రం ‘గెట్ అవుట్ ఆఫ్’ అనాలని చెప్పారట. మనకు దిగడం ఒక్కటే కదా, వాళ్ళకు ఇన్ని ఎందుకు? దీనికి సూత్రమేదైనా ఉందా, బట్టీ పట్టవలసిందేనా? మాస్టారు వివరించగలరని ప్రార్థన.

సమాధానం: అమ్మా, దిద్దినవారు చెప్పింది సరైనదే. అయితే మీ అమ్మాయి తోచినట్లు మాట్లాడలేదు; తెలుగు క్రియ చూపిన దారిలోనే నడిచింది. ‘దిగు’ అన్న ధాతువులోనే ‘కిందికి’ అన్న దిక్కు ఇమిడి ఉంది. అందుకే ‘బస్సు దిగాను’, ‘చెట్టు దిగాను’, ‘మెట్లు దిగాను’ అన్నప్పుడు ఆ నామవాచకాలకు విభక్తి ప్రత్యయం కూడా అక్కరలేదు. ఎక్కు, దాటు, దూరు అన్న క్రియలదీ ఇదే పద్ధతి: గుమ్మం దాటాడు, గుర్రం ఎక్కాడు. ఇంగ్లీషులోని ‘గెట్’కు అటువంటి దిక్కేదీ లేదు. దాని అర్థం పొందడం, లేదా ఒక స్థితికి చేరడం. ఎటు అన్నది చెప్పే భారమంతా దాని వెనుక వచ్చే చిన్న మాట మీదనే పడుతుంది. తెలుగు మనసు ‘దిగు’ను ఆ అచ్చులో పోయాలని చూసినప్పుడు, అందులో దాగిన ‘కిందికి’ బయటికి వచ్చి ‘డౌన్’ అవుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు రైలు దగ్గర చూసేది కిందికి రావడాన్ని కాదు, రైలును విడిచిపెట్టడాన్ని. ‘ఆఫ్’ చెప్పేది ఆ విడివడడాన్నే.

‘గెట్ డౌన్’ అన్న పలుకుబడి వారికి లేకపోలేదు. నిచ్చెన నుంచో చెట్టు మీద నుంచో దిగితే అలాగే అంటారు. ఎవరైనా హఠాత్తుగా ఆ రెండు మాటలే అరిస్తే, తల వంచి నేలకు ఒదగమని అర్థం. దాని పక్కన ‘టు’ చేరి పని పేరు వస్తే, శ్రద్ధగా ఆ పనికి పూనుకోవడం అవుతుంది. మనం ‘పనిలోకి దిగాడు’ అంటాం చూడండి, అక్కడా రెండు భాషలూ ఒకే మెట్టు దిగాయి. ఇక బస్సు విషయంలో ‘గెట్ డౌన్’ మన దేశపు ఇంగ్లీషులో ఎంతగా స్థిరపడిందంటే, విన్నవారెవరికీ ఇక్కడ అర్థం కాకపోవడం ఉండదు. ఇంటర్వ్యూలో ‘గెట్ ఆఫ్’ అనడం మంచిదని నా అభిప్రాయం, కానీ మరో మాట అన్నందుకు పిల్లను చిన్నబుచ్చడం న్యాయం కాదు.

‘గెట్’ పక్కన చేరే చిన్న మాటల ప్రభావం దిక్కు చెప్పడంతో ఆగిపోదు. ‘అప్’ చేరితే నిద్ర లేవడం, ‘ఓవర్’ చేరితే జబ్బు నుంచో దుఃఖం నుంచో తేరుకోవడం, ‘బై’ చేరితే ఉన్నదానితో ఎలాగో నెట్టుకురావడం, ‘అలాంగ్’ చేరి దాని వెనుక ‘విత్’ వస్తే ఒకరితో ఒకరికి పొసగడం. మన పెద్దలకు ఇది వింతగా తోచేది కాదు. ఉపసర్గ, అంటే ధాతువుకు ముందు వచ్చే ‘ఆ’, ‘వి’, ‘సం’ వంటి చిన్న ముక్క, చేరితే ధాతువు అర్థం బలవంతంగా వేరొకచోటికి లాగబడుతుందని సంస్కృత వ్యాకరణ సంప్రదాయం ఏనాడో చెప్పింది. ఒక్క ‘హృ’ ధాతువు నుంచే ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం పుట్టాయి. వేద భాషలో ఆ ఉపసర్గ క్రియకు దూరంగా, మధ్యలో వేరే పదాలు రాగా, విడిగా కూడా నిలిచేది. తరువాతి సంస్కృతంలో క్రియకు ముందు అతుక్కుపోయింది. ఇంగ్లీషులో ‘ఫర్‌గెట్’, ‘బిగెట్’ అన్న పాత మాటల్లో ముందు అతుక్కున్న ముక్కలు అటువంటివే. కాలక్రమంలో ఇంగ్లీషు ఆ అలవాటును చాలావరకు విడిచి, చిన్న మాటను క్రియకు వెనుక, విడిగా నిలిపింది.

తెలుగులో ఈ పనిని చేసేవి క్రియ తరువాత వచ్చే సహాయక క్రియలు. ‘లేచింది’ వేరు, ‘లేచిపోయింది’ వేరు. రెండోదాన్ని పెళ్ళికాని పిల్ల విషయంలో పొరపాటున వాడితే ఊరంతా గగ్గోలవుతుంది. తెలుగు కొత్తగా నేర్చుకునేవారికి ఈ ‘పో’ ఎంత కష్టమో, మన పిల్లలకు ఆ ‘ఆఫ్’, ‘ఓవర్’ అంత కష్టం. అందువల్ల ‘గెట్’ అర్థం ఒకటి, ‘ఓవర్’ అర్థం ఒకటి నేర్చుకుని కూడికలు వేయవద్దని, రెండూ కలిసి ఒకే పదమని భావించి ఒక పూర్తి వాక్యంతో సహా నేర్చుకోమని మీ అమ్మాయికి చెప్పండి. మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను నేర్చుకున్నది ఆ భాష మాట్లాడేవారి నోటి నుంచే. సవర–ఇంగ్లీషు నిఘంటువు కూర్చడం ఆ తరువాతి సంగతి.

వాక్యంతో సహా అని ఎందుకన్నానంటే, కర్మ ఎక్కడ నిలవాలన్నది కూడా అక్కడే తెలుస్తుంది. దుఃఖం నుంచి తేరుకోవడానికి ‘గెట్ ఓవర్ ఇట్’ అనాలి. ఒక భావాన్ని ఎదుటివారికి అందేలా చెప్పడానికి ‘గెట్ ఇట్ అక్రాస్’ అనాలి, అక్కడ ‘ఇట్’ మధ్యలోకి వస్తుంది. ఈ స్థానాలు తారుమారైతే వాక్యం చెడుతుంది.

మరొక ప్రశ్న: నమస్కారం మాస్టారూ. ఎక్కడ ‘ఆన్’, ఎక్కడ ‘ఇన్’ అన్నది ఇంకా తేలలేదు. మా తాతగారు కళింగపట్నం వైపు తెప్ప మీద వేటకు వెళ్ళేవారు. తెప్ప ఎక్కడాన్ని ఏమనాలి? పడవకూ అదేనా?

సమాధానం: బాబూ, మీరు అడిగిన తీరులోనే సగం జవాబు ఉంది. ‘తెప్ప మీద’ అన్నారు. పడవ అయితే ‘పడవలో’ అనేవారు. దుంగలు చేర్చి కట్టిన తెప్పకు చుట్టూ గోడ లేదు కనుక మనిషి దాని మీద ఉంటాడు, పడవకు అంచులు ఉన్నాయి కనుక దాని లోపల ఉంటాడు. ఇంగ్లీషులోనూ అంతే: తెప్పకు ‘గెట్ ఆన్’, చిన్న పడవకు ‘గెట్ ఇన్’. ఎక్కడం, దిగడం అన్న క్రియల దగ్గర ఈ తేడా మనకు కనబడదు కానీ, ప్రయాణాన్ని చెప్పేటప్పుడు మన విభక్తులు దాన్ని చక్కగా చూపిస్తాయి. సైకిలు మీద, గుర్రం మీద అంటాం, అక్కడ ‘ఆన్’. కారులో, అరసవల్లి వెళ్ళే ఆటోలో అంటాం, అక్కడ ‘ఇన్’. దిగేటప్పుడు ‘ఆన్’కు జోడీ ‘ఆఫ్’, ‘ఇన్’కు జోడీ ‘అవుట్ ఆఫ్’.

మన ‘లో’ను నమ్ముకుంటే తప్పే వాహనాలు ముఖ్యంగా నాలుగు: బస్సు, రైలు, విమానం, ఓడ. వీటన్నిటికీ మనం ‘లో’ అంటాం, వాళ్ళు ‘ఆన్’ అంటారు. నాలుగింటిలోనూ మనిషి లేచి నిలబడి అటూ ఇటూ నడవగల నేల ఉంటుందని, అందుకే ఒక తలం మీద ఉన్నట్లుగా చెబుతారని సాధారణంగా వివరిస్తారు. ఓడకైతే ‘డెక్’ అనే పై తలం ఉండనే ఉంది. కారులో లేచి నిలబడలేరు కనుక అది ‘ఇన్’ దగ్గరే ఆగిపోయింది. ఇంజను పెట్టిన పెద్ద వేట పడవ మీద నడవడానికి చోటుంటే దానికి ‘ఆన్’ వాడడమూ వినిపిస్తుంది. తాతగారి తెప్పకు మాత్రం తెలుగులోనైనా, ఇంగ్లీషులోనైనా ‘మీద’ తప్ప వేరే దారి లేదు.