దుర్గి నంది చెవి విరిగింది: మనమే బాగుచేసుకోవచ్చా, ముట్టుకోకూడదా?

పల్నాటి కోడలు
అందరికీ నమస్తే. మా మామగారు పదిహేనేళ్ల కిందట దుర్గి వెళ్లి, శిల్పి పక్కనే కూర్చుని చెక్కించుకున్న నంది మా ఇంట్లో ఉంది. అడుగు ఎత్తు ఉంటుంది. పూజలో పెట్టలేదు, హాల్లోనే ఉంటుంది. మొన్న ఇల్లు మారేటప్పుడు కుడి చెవి కొసన చింతగింజంత ముక్క ఊడింది. ముక్క దొరికింది, అగ్గిపెట్టెలో దాచాను. దాని పక్కనే పెసరగింజంత గుంట పడింది, అక్కడిది మాత్రం పొడి అయిపోయింది. వీపు మీద ఒక తెల్లటి గీత కూడా ఉంది. మావారు ఎపాక్సీతో అతికించి, గీతను ఎమరీ పేపర్‌తో రుద్దేద్దాం అంటున్నారు. మామగారేమో చెయ్యి పెట్టొద్దంటున్నారు. మీరేమంటారు?

రమణ, హైదరాబాద్
అతికించుకోండమ్మా, దానికంత టెన్షన్ అక్కర్లేదు. నేను పాలరాయి బొమ్మలకు, గ్రానైట్ దీపస్తంభానికి చేశాను. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీలో నిదానంగా గట్టిపడే రకం తీసుకోండి. విరిగిన రెండు ముఖాలనూ మెత్తటి బ్రష్‌తో నీళ్లు పెట్టి కడిగి, ఒక రోజంతా ఆరనివ్వండి. ముందు జిగురు లేకుండా ముక్కను పెట్టి చూసుకోండి, ఎటు తిప్పితే సరిగ్గా కూర్చుంటుందో వేలికి తెలుస్తుంది. జిగురు సూదిమొనతో కొంచెమే పెట్టాలి, అంచుల దాకా రానివ్వకూడదు.

గుంటకైతే విగ్రహం అడుగున కనబడని చోట బ్లేడుతో గీకి కాస్త రాతిపొడి తీసుకుని, ఎపాక్సీలో ముద్దలా కలిపి నింపండి. నా మొదటి ప్రయత్నంలో అతుకు నల్లగా తేలింది. జిగురులో కలిసిన పొడి తడిసిన రాయిలా ముదురుగా కనిపిస్తుంది మరి. అందుకే కలిపే పొడి, రాయి రంగు కంటే ఒక ఛాయ లేతగా ఉండాలి. ముందు పాత టైలు ముక్క మీద చేసి చూసుకోండి.

మ్యూజియంలో పనిచేసినవాణ్ణి
రమణగారు చెప్పిన పద్ధతి శుభ్రంగా ఉంది. కానీ నేను దీనికి ఒప్పుకోలేను, ముఖ్యంగా ఎమరీ పేపర్ విషయంలో. దుర్గి రాయి మెత్తటి సున్నపురాయి. గ్రానైట్ మీద నడిచిన పద్ధతి దీని మీద నడవదు. గీత చుట్టూ రుద్దితే ఉలి ఆనవాళ్లు పోతాయి, రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ మిగులుతుంది. ఒక చిన్న గీత కోసం శిల్పి చేతి పని చెరిపేసినట్టే. నిమ్మరసం, వెనిగర్ అసలే వద్దు. పాలరాయైనా సున్నపురాయైనా పులుపు తగిలిన చోట తినేస్తుంది.

ఎపాక్సీ ఎండకు పచ్చబడుతుంది, పదేళ్ల తర్వాత తీయాలంటే రాయి కూడా ఊడొస్తుంది. మేము చిన్న ముక్కలకు పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడేవాళ్లం. అది ఎసిటోన్‌తో కరుగుతుంది, నచ్చకపోతే విప్పేయవచ్చు. చెవి కొసకు ఆ బలం చాలు.

రమణ, హైదరాబాద్
అన్నా, అలా అయితే 1972లో వాటికన్‌లో మైకెలాంజెలో చెక్కిన పియెటా అనే పాలరాతి మేరీమాత విగ్రహాన్ని ఒకడు సుత్తితో కొట్టినప్పుడు ఎందుకు బాగుచేశారు? గాయాలు కనబడేలా వదిలేయలేదు కదా!

మ్యూజియంలో పనిచేసినవాణ్ణి
మంచి ఉదాహరణే తెచ్చారు. అప్పుడు ఎగిరిపడ్డ ముక్కలు కొన్నిటిని చుట్టూ ఉన్న జనం పట్టుకుపోయారు. కొన్ని తిరిగొచ్చాయి, మేరీమాత ముక్కు మాత్రం రాలేదు. చివరికి అదే విగ్రహం వీపు నుంచి రాయి కోసి ముక్కు చేయాల్సి వచ్చింది. ముక్క పోతే ఎంత అవస్థో చూడండి. అందుకే అమ్మా, మీరు అగ్గిపెట్టెలో దాచారే, అన్నిటికంటే మంచి పని అది. ముక్క అతికించండి. గుంటను, గీతను వదిలేయండి.

ఆళ్లగడ్డ కుర్రాడు
మా ఇంట్లో మూడు తరాలుగా రాతిపనే. మేము చెక్కుతున్నప్పుడు చిన్న పెచ్చు లేస్తే రాతిపొడి, జిగురు కలిపి సరిచేస్తాం, కాబట్టి పూడ్చడం తప్పేమీ కాదు. అయితే పూజలో ఉన్న విగ్రహానికి లెక్క వేరు, దాని సంగతి స్థపతిని అడగాలి. మీది అలంకరణకే కాబట్టి ఆ చిక్కు లేదు.

గీత గురించి ఒక మాట అక్కా. వేలు తడిపి గీత మీద రాయండి. తడి ఉన్నంతసేపు కనిపించకపోతే రాయి లోతుగా తెగలేదు, పైపైన నలిగి తెల్లబడిందంతే. రంగులేని మైనం పలచగా పూస్తే చాలు. కొబ్బరినూనె పూయమని ఎవరో ఒకరు చెబుతారు, సున్నపురాయికి వద్దు. మచ్చలుగా పీల్చుకుని దుమ్ము పట్టేస్తుంది. నల్ల గ్రానైట్ మీద గీతైతే ముందు అది గీతేనా అని చూడాలి. చాలాసార్లు కత్తో, స్టీలు గిన్నో ఒరుసుకుని వదిలిన లోహపు చారే ఉంటుంది. రాయికి ఏమీ కాదు.

పల్నాటి కోడలు
పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. తడి వేలితో రాస్తే గీత మాయమైంది. ఆరగానే మళ్లీ తేలింది. మైనం పూశాక దగ్గరికెళ్లి వెతికితే తప్ప తెలియడం లేదు. చెవి ముక్కను విప్పగలిగే జిగురుతోనే అతికించాం. మావారు పట్టుకుంటే నేను పెట్టాను, కాగితం టేపు వేసి రెండు రోజులు కదపలేదు. సన్నటి గీతలా అతుకు కనబడుతుంది. మామగారు దాన్ని వేలితో తడిమి చూసి, గుంట జోలికి మాత్రం పోవద్దన్నారు. అలాగే వదిలేశాం.

రమణ, హైదరాబాద్
సంతోషం అమ్మా. నేనైతే గుంట కూడా పూడ్చేవాణ్ణి, అందులో దుమ్ము చేరి నల్లబడుతుందని నా భయం.

మ్యూజియంలో పనిచేసినవాణ్ణి
వారానికోసారి పొడి బ్రష్‌తో దులిపితే నల్లబడదు రమణగారూ. తడిగుడ్డ మాత్రం పెట్టకండమ్మా.