గేటు దగ్గర కట్టుదిట్టం, వచ్చినవారికి మర్యాద: రెండూ నిలబెట్టడం ఎలా?

ప్రశ్న (పైడిభీమవరం, పరిపాలన విభాగం)

సభ్యులందరికీ నమస్కారం. నేను పైడిభీమవరం పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో పనిచేస్తున్నాను. సందర్శకుల రాకపోకలు చూసే బాధ్యత ఈ మధ్యే నాకు అప్పగించారు. యంత్రాల మరమ్మతు సిబ్బంది, ముడిసరుకు తెచ్చే లారీ డ్రైవర్లు, ఆడిటర్లు, బయోడేటా పట్టుకుని వచ్చే కుర్రాళ్లు, పండగ చందాకు వచ్చే చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు, కొడుకును ఒకసారి చూసిపోదామని బస్సు దిగి నడిచి వచ్చే తల్లిదండ్రులు, ఇలా అన్ని రకాలవారూ మా గేటుకు వస్తుంటారు.

ఈ మార్చిలో జరిగిన రెండు సంగతులు నన్ను ఇరకాటంలో పడేశాయి. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవానికి ముఖ్య అతిథిగా మేమే పిలుచుకున్న ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులను గేటు దగ్గర ఆటోలోంచి దింపి, "ఎవులు కావాల? ఏటి పని?" అని అడిగి, ఆయన చేతిసంచిలోని కళ్లజోడు పెట్టె, మందుబిళ్లలు, ప్రసంగం రాసుకున్న కాగితాలు అన్నీ బల్ల మీద కుమ్మరించారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ప్రసంగం చక్కగా చేసి, భోజనానికి మాత్రం ఆగకుండా వెళ్లిపోయారు. తరువాత కొద్ది రోజులకే, ఏసీ మరమ్మతుకు వచ్చానని చెప్పిన ఒక వ్యక్తి, మెడలో ఏదో కార్డూ చేతిలో పనిముట్ల సంచీ ఉన్నాయి కనుక ఎవరూ ఆపకపోవడంతో, నేరుగా గోదాము దాకా వెళ్లిపోయాడు. ఆ రోజు మేము ఏసీ మరమ్మతుకు ఎవరినీ పిలవలేదు.

గేటు ఇంకా బిగించమని పై అధికారులు అంటున్నారు. వచ్చినవారిని నొప్పించవద్దని మానవ వనరుల విభాగంవారు అంటున్నారు. రెండు మాటలూ సబబుగానే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (విజయనగరం, విశ్రాంత భద్రతాధికారి)

మీరు చెప్పిన రెండు సంఘటనలు ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తున్నా, రెండింటికీ మూలం ఒక్కటే. ఆ రోజు ఎవరు రాబోతున్నారో మీ గేటుకు తెలియదు. తెలియని కాపలాదారు ఏం చేస్తాడు? మనిషి వాలకం చూసి తూకం వేస్తాడు. పంచె కట్టుకుని ఆటోలో వచ్చిన పెద్దాయనను నిలదీస్తాడు, మెడలో కార్డు వేసుకుని ధీమాగా నడిచేవాడిని వదిలేస్తాడు. కాబట్టి గేటును బిగించే ముందు, లోపల ఉన్న విభాగాలను బిగించండి.

ఎవరిని ఎవరు పిలిచినా, ముందు రోజు సాయంత్రం అయిదు గంటలలోపు గేటుకు జాబితా చేరాలి. అందులో వచ్చేవారి పేరు, ఊరు లేదా సంస్థ, వచ్చే వేళ, పిలిచిన ఉద్యోగి పేరు, వారు లోపల ఎంతవరకు వెళ్లవచ్చు అన్నవి ఉంటే చాలు. ముఖ్య అతిథి అయితే పిలిచిన విభాగంవారే చెప్పిన వేళకు ముందుగా గేటు దగ్గర నిలబడి, స్వయంగా లోపలికి తీసుకువెళ్లాలి. అతిథిని ఆహ్వానించిన మనిషి ఏసీ గదిలో కూర్చుని, కాపలాదారు మర్యాద చేయలేదని తరువాత బాధపడటంలో న్యాయం లేదు.

జాబితాలో పేరు లేనివారు వస్తే తిప్పి పంపవద్దు, లోపలికీ వదలవద్దు. నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సంబంధిత విభాగానికి ఫోన్ చేయాలి. పది నిమిషాల్లో జవాబు రాకపోతే ఆ ఉద్యోగి పై అధికారికి చేయాలి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త ఉంది. వచ్చిన వ్యక్తి "ఈ నంబరుకు చేయండి, మా సారు చెబుతారు" అని ఇచ్చే నంబరుకు ఎన్నడూ చేయకూడదు. గేటు దగ్గర ఉన్న మీ సొంత అంతర్గత నంబర్ల పట్టిక చూసే చేయాలి. మీ ఏసీ మనిషిని ఆపడానికి ఈ ఒక్క అలవాటు సరిపోయేది. మరమ్మతు విభాగం పనికి పిలిచినప్పుడు ఇచ్చే ఆర్డరు నంబరును కూడా జాబితాలో రాయిస్తే, మెడలోని కార్డు చూసి నమ్మవలసిన అవసరం ఉండదు.

ఇక కాపలాదారుల సంగతి. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం, కొత్తగా చేరే కాపలా ఉద్యోగికి కనీసం 20 పనిదినాల మీద 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణాంశాల పట్టికలో మొట్టమొదట ఉన్నది జనంతో నడుచుకునే తీరు, యూనిఫారం సరిగ్గా ధరించడం. గుర్తింపు పత్రాలను పరిశీలించడం ఆ తరువాత వస్తుంది. మీకు మనుషులను పంపే సంస్థ ఈ శిక్షణ ఇచ్చిందో లేదో ధ్రువపత్రాలు చూపమని అడగండి.

శిక్షణ ఇచ్చినా ఫలితం కనిపించకపోతే, గేటు గదిలోకి వెళ్లి చూడండి. అక్కడ ఫ్యాను తిరుగుతోందా, కూర్చోవడానికి కుర్చీ ఉందా, భోజనానికి వెళితే మార్చడానికి మరో మనిషి ఉన్నాడా? పన్నెండు గంటలు ఎండలో నిలబడిన మనిషి దగ్గర నుంచి చిరునవ్వు ఆశించడం తప్పు. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. మీ పెద్ద అధికారుల కార్లను కూడా ఆపి, డిక్కీ తెరిపించి చూసే నియమం పెట్టండి. కార్లలో వచ్చేవారు హారన్ కొట్టి దూసుకుపోతుంటే, ఆపితే చీవాట్లు తినవలసి వస్తుంటే, కాపలాదారు తన అధికారాన్ని సైకిలు మీద వచ్చేవాడి మీదే చూపిస్తాడు. కర్మాగారం అధిపతి తన కారు ఆపించుకుని, అద్దం దింపి, కార్డు చూపించి, "మంచిది బాబూ" అని వెళ్లిన రోజు నుంచి గేటు స్వభావం మారుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, కాని ఎక్కువ చోట్ల జరగనిది కూడా ఇదే.

సంచి తనిఖీ విషయం కూడా స్పష్టంగా చెప్పాలి. ప్రైవేటు కాపలా ఉద్యోగికి పోలీసులకు ఉన్న సోదా అధికారం లేదు. లోపలికి రావాలంటే సంచి చూపించాలన్న షరతు మీరు పెట్టుకోవచ్చు, వచ్చినవారు ఒప్పుకుంటే చూడవచ్చు, ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు. అంతే. "అందరి సంచులూ చూడటం ఇక్కడి పద్ధతండీ, మీరే తెరిచి చూపించండి" అని చెప్పి, వారి చేతులతోనే తెరిపించాలి. మనం చేయి పెట్టకూడదు, బల్ల మీద కుమ్మరించకూడదు. ఇదే మాట తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి గేటు బయటే కనబడేలా పెడితే, తనను మాత్రమే అనుమానించారన్న బాధ ఎవరికీ ఉండదు.

జవాబు (బొబ్బిలి, మానవ వనరుల విభాగం)

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఆడవారి విషయంలో రెండు మాటలు చేర్చాలనుకుంటున్నాను. మహిళా సందర్శకులను తనిఖీ చేయవలసి వస్తే మహిళా ఉద్యోగే, తెరచాటున, చేయాలి. ఆ వేళకు మహిళా ఉద్యోగి లేకపోతే తనిఖీ చేయకుండా, పిలిచిన విభాగంనుంచి ఒక మహిళను గేటు దాకా రప్పించి వెంట పంపించండి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఉద్యోగినులకే పరిమితం కాదు. అక్కడ ఉద్యోగం చేస్తున్నా చేయకపోయినా, ఏ వయసు స్త్రీకైనా అది వర్తిస్తుంది. ఉల్లంఘనకు ఉన్న శిక్షలను అందరికీ కనబడే చోట ప్రదర్శించడం యజమాని బాధ్యత అని కూడా ఆ చట్టమే చెబుతోంది. ఆ బోర్డుకు సందర్శకుల గది సరైన చోటు.

రెండోది, బల్ల మీద తెరిచి ఉండే సందర్శకుల రిజిస్టరు. పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి సంతకం చేస్తున్నప్పుడు పైన పదిమంది నంబర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఇంటర్వ్యూకు వచ్చిన ఒక అమ్మాయికి ఆ సాయంత్రమే తెలియని నంబరు నుంచి ఫోన్లు మొదలైన ఉదంతం నాకు తెలుసు. అందువల్ల ఒక్కొక్కరికి ఒక్కొక్క చీటీ ఇచ్చి, నింపాక పెట్టెలో వేయించడం మేలు. చదువు రానివారికి కాపలాదారే అడిగి రాయాలి. అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడగాలి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడే మాటలు చెప్పారు, ధన్యవాదాలు. రిజిస్టరు తీసేసి, ట్యాబ్‌లో ఫొటో తీసి ఆధార్ కార్డు స్కాన్ చేసుకునే యాప్ ఒకటి పెట్టాలని మా సంస్థవారు ఆలోచిస్తున్నారు. ఇది మంచిదేనా? మరొక సంగతి, మా దగ్గర ద్రావకాలు (సులువుగా అంటుకునే రసాయన ద్రవాలు) నిల్వ ఉంటాయి కాబట్టి ఫోన్లు గేటులోనే తీసుకుంటాము. దాని మీద రోజూ గొడవే.

జవాబు (శ్రీకాకుళం, పారిశ్రామిక భద్రతా ఇంజనీరు)

ఆధార్ స్కాన్ మానుకోండి. మనిషిని పోల్చుకోవడానికి ఫొటో ఉన్న ఏ గుర్తింపు కార్డయినా చూసి తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది. డ్రైవింగ్ లైసెన్సు చాలు, ఓటరు కార్డు చాలు. ఆధారే ఇస్తామన్నవారి దగ్గర, మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా చివరి నాలుగు మాత్రమే కనబడే ప్రతిని చూడండి. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. కాగితం మీదే ఉండిపోయే రిజిస్టరు దాని పరిధిలోకి రాదు గానీ, ట్యాబ్‌లోకి ఎక్కించిన మరుక్షణం వస్తుంది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పకుండా, పని తీరిన తరువాత కూడా చెరపకుండా వేలమంది ఫొటోలు, కార్డులు దాచుకుంటే, రేపు అవి బయటికి పొక్కినప్పుడు జవాబు చెప్పవలసింది మీ సంస్థే.

యాప్ పెట్టినా కాగితాన్ని పూర్తిగా వదలవద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లాలో కరెంటు, ఫోన్లు ఎలా పడిపోయాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ప్రమాదం జరిగినా మొదట పోయేది కరెంటే. ఆ క్షణంలో లోపల ఎంతమంది బయటివారు ఉన్నారో, ఏ విభాగంలో ఉన్నారో చెప్పగలిగే పట్టిక గేటు గదిలో ఒక అట్టకు బిగించి ఉండాలి. సైరన్ మోగగానే దానిని పట్టుకుని ఒకరు, ప్రమాద వేళ అందరూ చేరవలసిన స్థలానికి పరుగెత్తాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. అటువంటి రోజున కుటుంబాలవారు పరుగెత్తుకుంటూ వచ్చేది గేటుకే. ఎవరు లోపల ఉన్నారో, ఎవరు బయటపడ్డారో గేటు చెప్పలేకపోవడంకన్నా పెద్ద అమర్యాద ఉండదు. నా దృష్టిలో సందర్శకుల పట్టికకు మొదటి ప్రయోజనం ఇదే, దొంగలను పట్టడం తరువాతి సంగతి.

ఫోన్ల గొడవ తగ్గాలంటే కారణం చెప్పండి, అవసరమైన చోటే తీసుకోండి. ద్రావకాల ఆవిరి ఉండే చోట మామూలు ఫోను నుంచి పుట్టే చిన్న నిప్పురవ్వ కూడా అంటుకోవడానికి చాలు. అగ్గిపెట్టె, లైటరు, బీడీలు అయితే గేటులోనే తప్పకుండా తీసుకోవాలి. కాని కార్యాలయ భవనం దాకా మాత్రమే వచ్చే ఆడిటరు దగ్గర ఫోను తీసుకోవడం ఎందుకు? కెమెరా మీద అతికించే స్టిక్కరు చాలు. ఉత్పత్తి విభాగంలోకి వెళ్లేవారి ఫోన్లను తాళం ఉన్న చిన్న అరల్లో పెట్టించి, తాళంచెవి వారి చేతికే ఇవ్వండి. అట్టపెట్టెలో పోసి ఉంచిన ఫోన్ల కుప్పను చూస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఒకటి మరచిపోకండి, వచ్చినవారు తెచ్చుకున్న మందులను మాత్రం ఎన్నడూ తీసుకోకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవారు, గుండెకు మాత్రలు వేసుకునేవారు ఉంటారు.

జవాబు (రాజాం, గేటు విధుల్లో ఉన్న కాపలా ఉద్యోగి)

అయ్యా, మా వైపు నుంచి ఒక్క విన్నపం. లారీ డ్రైవర్లకు గేటు బయట మరుగుదొడ్డి, స్నానానికి నీళ్లు ఏర్పాటు చేయించండి. రాత్రంతా బండి నడిపి వచ్చి, సరుకు దించే వంతు కోసం సగం రోజు రోడ్డు పక్కన పడి ఉంటారు. లోపలికి వదలమని వారు బతిమాలుతారు, వదలకూడదని మాకు ఆర్డరు. రోజూ ఈ వాదనతోనే మా నోరు పాడవుతోంది. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో బోర్డు మీద రాసిపెట్టినా సగం గొడవ తగ్గుతుంది.

జవాబు (విజయనగరం, విశ్రాంత భద్రతాధికారి)

రాజాం సోదరుడు చెప్పింది అక్షరాలా నిజం, దానిని ముందు అమలు చేయండి.

మిగిలినవి ఊరివారు, ప్రభుత్వ అధికారులు. చందాకో, ఉద్యోగాల కోసమో, వాసన వస్తోందనో, కాలువలో నీళ్లు రంగు మారాయనో ఊరి పెద్దలు పదిమంది కలిసి వచ్చినప్పుడు, వారిని గేటు ఊచలకు అవతల నిలబెట్టి మాట్లాడితే అది తగవుగా మారుతుంది. ప్రహరీకి ఆనుకుని, గేటుకు బయటివైపున, ఒక గది కట్టించండి. బల్లలు, ఫ్యాను, కుండలో నీళ్లు, మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ఉండాలి. నిర్ణయం చెప్పగల అధికారి ఒకరు బయటికి వచ్చి, ఆ గదిలో వారితో కూర్చోవాలి. ఆ గది ఉంటే పదిమందినీ ప్రమాదకరమైన ఆవరణలోకి తీసుకురానక్కరలేదు, వారికి మాట దక్కలేదన్న కొరతా ఉండదు. కొడుకును చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకూ ఆ గదే. షిఫ్టు మధ్యలో ఆ కుర్రాడిని పావుగంట బయటికి పంపేలా విభాగాధిపతులకు ముందే చెప్పి ఉంచండి.

తనిఖీ అధికారుల సంగతి వేరు. కర్మాగారాల తనిఖీ అధికారికి ప్రవేశించే హక్కును చట్టమే ఇచ్చింది, వారు ముందుగా చెప్పి రావాలన్న నియమం లేదు. అమెరికాకు మందులు పంపేవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ 2012లో చేసిన చట్టం ప్రకారం తనిఖీని ఆలస్యం చేసినా, అడ్డుకున్నా, ఆ కర్మాగారంలో తయారైన మందును కల్తీ మందుగా పరిగణిస్తారు. గుర్తింపు కార్డు చూడటం, లోపలికి ఫోన్ చేయడం, భద్రతా బూట్లు, కళ్లద్దాలు ఇవ్వడం ఇవన్నీ ఒకేసారి జరగాలి గాని, ఒకటి అయ్యాక మరొకటి అని కూర్చోబెట్టకూడదు. అలాగని కార్డు చూడకుండా సెల్యూట్ కొట్టి వదిలేయకూడదు. అధికారినని చెప్పుకుని వచ్చే మోసగాళ్లూ ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

సోమవారం నుంచి ముందురోజు జాబితా, విడి చీటీలు మొదలుపెడుతున్నాము. బయటి గది ప్రతిపాదన పై అధికారులకు పంపాను. చివరగా ఒక్క సందేహం. లోపలికి వచ్చేటప్పుడు ఇంత చూస్తున్నాము గాని, వెళ్లేటప్పుడు మా గేటు పెద్దగా పట్టించుకోదు. అక్కడ ఏం చేయాలి?

జవాబు (విజయనగరం, విశ్రాంత భద్రతాధికారి)

పిలిచిన ఉద్యోగే గేటు దాకా వచ్చి సాగనంపాలి, లోపల ఏ మూలా ఒంటరిగా వదలకూడదు. లాప్‌టాప్, పనిముట్లు తెచ్చుకున్నవారి వస్తువులను లోపలికి వచ్చేటప్పుడే చీటీలో రాసి, ఒక ప్రతి వారికి ఇస్తే, వెళ్లేటప్పుడు ఆ రెండు ప్రతులూ పోల్చి చూస్తే సరిపోతుంది, సంచి మళ్లీ వెదకనక్కరలేదు. లోపలికి వచ్చేటప్పుడు ఇచ్చిన సందర్శకుల గుర్తింపు బిళ్ల తిరిగి తీసుకుని, వెళ్లిన వేళను అట్ట మీది పట్టికలో అప్పటికప్పుడే వేయించండి. రాత్రి షిఫ్టు మారే ముందు, తిరిగి రాని బిళ్లలు ఏవైనా ఉంటే ఆ పేర్లున్న విభాగాలకు ఫోన్ చేసి, ఆ మనుషులు ఎక్కడున్నారో తేలిన తరువాతే పాత షిఫ్టువారు గేటు అప్పగించి వెళ్లాలి.