డేటాబేస్ సోర్స్ కోడ్ ఇచ్చేస్తున్నారట, నమ్మి ఉండిపోవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఆఫీసు లెక్కలన్నీ పదకొండేళ్లుగా ఒకే డేటాబేస్ మీద నడుస్తున్నాయి. దాన్ని ఇక ఓపెన్ సోర్స్ చేస్తున్నామని, అంటే కోడ్ అందరికీ ఇచ్చేస్తున్నామని, కంపెనీ మెయిల్ పెట్టింది. లైసెన్స్ ఫీజు తప్పిందని మా మేనేజర్ సంబరపడుతున్నారు. నాకేమో చేతులు దులుపుకుంటున్నారేమోనని భయం. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌కి మారాలంటే మూడొందల స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్ లోపలే రాసి ఉంచిన చిన్న ప్రోగ్రాములు) తిరగరాయాలి. ఏం చేయమంటారు?

జవాబు 1:
ఇప్పుడే మారిపోండి. ఆలస్యమయ్యేకొద్దీ ప్రొసీజర్లు పెరుగుతాయే గానీ తగ్గవు.

జవాబు 2:
తొందరపడకండి. 2000 జులైలో బోర్లాండ్ కంపెనీ తన ఇంటర్‌బేస్ 6 డేటాబేస్ సోర్స్ విడుదల చేసినప్పుడు నేను దాని మీదే పనిచేస్తున్నాను. అప్పుడు మాకూ ఇదే గుబులు. వారం తిరక్కుండానే కొందరు ఆ కోడ్ తీసుకుని ఫైర్‌బర్డ్ అనే డేటాబేస్ మొదలుపెట్టారు. బోర్లాండ్ మనసు మార్చుకుని ఇంటర్‌బేస్ 6.5ని సోర్స్ ఇవ్వకుండా మళ్లీ అమ్మకానికి పెట్టింది. అయినా ఇచ్చిన కోడ్‌ని వెనక్కి తీసుకోలేదు కదా, ఫైర్‌బర్డ్ నేటికీ నడుస్తోంది. మా డేటా అందులోకే తీసుకెళ్లాం.

ఇంకో సంగతి. 2001 జనవరిలో ఆ కోడ్ చదువుతున్నవాళ్లకి ఒక దొంగదారి దొరికింది. ‘పొలిటికల్లీ’ అనే యూజర్, ‘కరెక్ట్’ అనే పాస్‌వర్డ్ కోడ్‌లోనే రాసి ఉన్నాయి. అవి తెలిస్తే ఏ ఇంటర్‌బేస్ సర్వర్‌లోకైనా దూరొచ్చు! సోర్స్ మూసి ఉన్నన్నాళ్లూ ఏళ్ల తరబడి మాకెవరికీ తెలియలేదు. ఆ రోజు ఇంటర్‌బేస్ వాడే పోర్టు 3050ని ఫైర్‌వాల్‌లో మూసేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. అప్పటినుంచీ, కోడ్ బయటికొస్తోందంటే నాకు ధైర్యమే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. మరి మా విషయంలో ముందుగా ఏం చూడాలి?

జవాబు 2:
లైసెన్స్ పేరు చూడండి. ఆ తర్వాత, బయటివాళ్ల ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) ఎవరు కలుపుతారో కనుక్కోండి. అసలైన ప్రశ్న అదే. ఐబీఎం 2004లో క్లౌడ్‌స్కేప్ అనే తన డేటాబేస్‌ని అపాచీ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకి ఇచ్చింది, అదే డెర్బీ అయింది. అక్కడ తాళం ఒక్క కంపెనీ చేతిలో లేదు. మీ కంపెనీ తాళం తన దగ్గరే ఉంచుకుంటే, రేపు కొత్త వెర్షన్ మళ్లీ మూసేయొచ్చు.

సోర్స్ రాగానే మీ మెషీన్‌లోనే బిల్డ్ చేయండి, అంటే ఆ కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చండి. దాని మీద మీ పాత బ్యాకప్ రీస్టోర్ చేసి, నెలాఖరు రిపోర్టులు తీసి పైసాతో సహా సరిపోల్చండి. బిల్డ్ కాకపోతే ఇక్కడే రాయండి, ఎర్రర్ చూసి చెప్తాను.