విదేశీ రాయబార కార్యాలయాలు సామాజిక మాధ్యమాల్లో నేరుగా మనతో మాట్లాడటం మేలా, జోక్యమా?

బరంపురం మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. దక్షిణ ఒడిశాలోని బరంపురంలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి ఈ మధ్యనే ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. ఈ ప్రశ్న మా ఇంటి పక్క అమ్మాయి వల్ల పుట్టింది. అమెరికాలో ఎం.ఎస్. సీటు తెచ్చుకున్న ఆ అమ్మాయి, వీసా దరఖాస్తు పెట్టే ముందు ఫోను పట్టుకుని నా ఎదుట కూర్చుని, తన ఇన్‌స్టాగ్రామ్‌లోని పాత ఫొటోలను ఒక్కొక్కటిగా జరుపుతూ "మాస్టారూ, ఇది ఉంచవచ్చా, తీసెయ్యమంటారా?" అని అడుగుతూ వచ్చింది. వాటిలో ఒకటి మా ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులివేషం కట్టిన ఆమె తమ్ముడిది. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, మెడలో బంతిపూల దండ. ఆ ఫొటో మీద వేలు ఆపి, తీసెయ్యాలా వద్దా అని ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది. అది చూసి నా మనసు చివుక్కుమంది.

2019 నుంచి అమెరికా వీసా దరఖాస్తులో గత ఐదేళ్ళలో వాడిన సామాజిక మాధ్యమ ఖాతాల పేర్లన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని కూడా చెప్పారు. ఒకవైపు ఈ తనిఖీ ఉండగా, మరోవైపు రాయబార కార్యాలయాలు, కాన్సులేట్లు మన పండుగలకు శుభాకాంక్షలు చెబుతాయి, మన వంటలు రుచి చూస్తాయి. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని దక్షిణ కొరియా రాయబారి, ఆయన సిబ్బంది 'నాటు నాటు' పాటకు అడుగులు వేసిన వీడియో పెట్టినప్పుడు, ప్రధానమంత్రి దాన్ని మెచ్చుకుంటూ పంచుకున్నప్పుడు, తెలుగువాడిగా నేనూ సంతోషించాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు.

ఒక దేశం మరో దేశపు ప్రభుత్వంతో కాక ప్రజలతో నేరుగా మాట్లాడటాన్ని ప్రజా దౌత్యం అంటారు. 1965లో అమెరికాలో దౌత్యం నేర్పే ఫ్లెచర్ స్కూల్ డీన్ ఎడ్మండ్ గలియన్ ఈ మాటను నేటి అర్థంలో వాడుకలోకి తెచ్చారు. మాట్లాడటం అన్నప్పుడు వినడం కూడా ఉండాలి కదా. ఆ అమ్మాయి ఒక దేశపు కాన్సులేట్ పేజీలో ఎంతో మర్యాదగా అడిగిన ప్రశ్నకు వారాలు గడిచినా జవాబు రాలేదు. ఆ ప్రశ్న కిందే వీసా ఇప్పిస్తామనే దళారులు మాత్రం నలుగురు తమ ఫోను నెంబర్లు పెట్టారు, వాటిని తీసేసిన నాథుడు లేడు. మన ఖాతాలు తెరిచి చూస్తామనేవారు తమ పేజీలో మన మాట వినకపోతే దాన్ని స్నేహమని ఎలా అనుకోవాలి? మీరందరూ మీ అభిప్రాయం రాయవలసిందిగా కోరుతున్నాను.

రాయగడ నుంచి ఒక సభ్యుడు

మాస్టారికి నమస్కారాలు. మీ బాధను గౌరవిస్తూనే, మీరు రెండు వేరు వేరు పనులను ఒకే గాటన కట్టారని మనవి చేస్తున్నాను. వీసా తనిఖీ ఆ దేశం తన గడప దగ్గర పెట్టుకున్న కాపలా. అది కఠినంగా ఉందనుకుంటే దాన్నే విమర్శించాలి. పేజీ నడపడం వేరే పని, దానివల్ల కలిగిన మేలు చిన్నది కాదు.

బీజింగ్‌లో జరిగింది చూడండి. అక్కడి అమెరికా రాయబార కార్యాలయం 2008లో తన ఆవరణలో గాలి నాణ్యతను కొలిచే యంత్రం పెట్టి, పీఎం 2.5 అనే సన్నని ధూళి గాలిలో ఎంత ఉందో గంట గంటకూ ఇప్పుడు ఎక్స్ అని పిలిచే ట్విట్టర్‌లో పెట్టసాగింది. ఆ తర్వాతి ఏడాది నుంచి చైనాలో ట్విట్టర్ నిషిద్ధం. అయినా ఆ అంకెలు ఫోను యాప్‌ల ద్వారా సామాన్యులకు చేరేవి. 2010 నవంబరులో ధూళి కొలమానం దాటిపోగానే ఆ ఖాతాలో 'ఘోరాతిఘోరం' అని అర్థమొచ్చే మాట ప్రత్యక్షమైంది. కొలతకు అందని స్థాయికి ఎవరో ముందే సరదాగా రాసి ఉంచిన మాట అది. తర్వాత దాన్ని మార్చారు గాని అప్పటికే ఊరంతా చదివేసింది. 2012లో చైనా పర్యావరణ శాఖ ఉపమంత్రి ఒకరు, విదేశీ కార్యాలయాలు ఇలాంటి లెక్కలు ప్రకటించడం దౌత్య ఒప్పందాలకు విరుద్ధమని అభ్యంతరం చెప్పారు. అయినా ప్రజల ఒత్తిడి పెరిగి, 2013 నాటికి ఆ ప్రభుత్వమే పదుల నగరాల్లో పీఎం 2.5 లెక్కలను ప్రకటించడం మొదలుపెట్టింది. తల్లులు పిల్లలను బడికి పంపే ముందు ఆ అంకె చూసుకునేవారు. దీన్ని జోక్యమనడానికి నాకు నోరు రాదు.

వినడం సంగతి కూడా చెబుతాను. 2024 ఫిబ్రవరి మొదట్లో అదే రాయబార కార్యాలయం చైనాలో ట్విట్టర్ లాంటిదైన వీబోలోని తన ఖాతాలో ఆఫ్రికా జిరాఫీల సంరక్షణ గురించి ఒక పోస్టు పెట్టింది. ఆ వారం చైనా స్టాకు మార్కెట్టు కుప్పకూలి ఉంది. తమ ఊళ్ళో చెప్పుకునే చోటు లేని మదుపరులు ఆ జిరాఫీల కింద చేరి, లక్షకు పైగా కామెంట్లలో తమ కష్టాలు వెళ్ళబోసుకున్నారు. కార్యాలయం ఒక్కదానికీ జవాబివ్వకపోయినా ఆ పేజీ వాళ్ళకు ఉపయోగపడింది.

మన రాయబార కార్యాలయాల పేజీలనూ ఈ లెక్కలోకి తీసుకోవాలి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి తీసుకెళ్ళి, సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతికి మనవాళ్ళను అప్పగించిన ఉదంతం మీకు తెలుసు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఆ ఏజెంట్లను పట్టుకున్నప్పుడు అది వెలుగులోకి వచ్చింది. కంబోడియా రాజధాని నమ్‌పెన్‌లోని భారత రాయబార కార్యాలయం అధీకృత ఏజెంట్ల ద్వారా తప్ప రావద్దని హెచ్చరికలు పెడుతూ ఉంది. మా వీధిలో ఒక కుర్రవాడికి అలాంటి ఉద్యోగం మాట వచ్చినప్పుడు వాళ్ళ నాన్నకు నేను చూపించింది ఆ హెచ్చరికనే. ఆయన టిక్కెట్టు డబ్బులు కట్టకుండా ఆగిపోయారు.

పర్లాకిమిడి నుంచి ఒక సభ్యురాలు

రాయగడ సోదరులు చెప్పిన బీజింగ్ ఉదాహరణ మంచిదే గాని అది ఒకవైపే. మా గజపతి జిల్లా నుంచి చూస్తే రెండో వైపు బాగా కనిపిస్తుంది.

మా జిల్లాలోని చంద్రగిరి మీలో చాలామంది చూసి ఉంటారు. 1960లలో వచ్చిన టిబెట్ కాందిశీకులు అక్కడ మొక్కజొన్న పండించుకుంటూ స్థిరపడ్డారు. జీరంగలోని పద్మసంభవ మహావిహారమనే బౌద్ధ మఠాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. చలికాలం ఉన్ని బట్టల దుకాణం పెట్టే ఒక పెద్దావిడ దగ్గర మా అమ్మ ఏటా స్వెట్టరు కొంటుంది, వాళ్ళిద్దరూ ఒడియాలో బేరమాడుకుంటారు. అలాంటి ఇరుగుపొరుగు మధ్య బతుకుతున్న మాకు, 2025 జూలైలో ఢిల్లీలోని చైనా రాయబార కార్యాలయ ప్రతినిధి యూ జింగ్ ఎక్స్‌లో పెట్టిన మాట దూరపు వార్తగా అనిపించలేదు. టిబెట్ వ్యవహారం భారత, చైనా సంబంధాల్లో ముల్లు అనీ, అది భారతదేశానికి భారంగా మారిందనీ ఆమె రాశారు. మన విదేశాంగ మంత్రి చైనా పర్యటనకు బయలుదేరబోతున్న సమయమది. అధికారులకు లేఖ రాయవలసిన మాటను, మనందరం చదివేలా బహిరంగంగా ఎందుకు పెట్టారు? ప్రభుత్వం మీద ప్రజల ద్వారా ఒత్తిడి తేవడానికే అని నా నమ్మకం.

1961 నాటి వియన్నా ఒప్పందం 41వ అధికరణం దీని గురించే చెబుతుంది. దౌత్యవేత్తలు ఆతిథ్య దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోరాదు, అధికారిక వ్యవహారాలు ఆ దేశపు విదేశాంగ శాఖ ద్వారా నడపాలి. 2020 అక్టోబరులో తైవాన్ జాతీయ దినానికి ముందు ఇదే కార్యాలయం మన పత్రికలవారికి ఈమెయిళ్ళు పంపి, తైవాన్‌ను దేశమని రాయవద్దని చెప్పింది. మన విదేశాంగ శాఖ, ఇక్కడ పత్రికలు స్వేచ్ఛగా తమకు తోచినది రాస్తాయని జవాబిచ్చింది.

నన్ను అన్నిటికంటే నొప్పించే సంగతి మరొకటి ఉంది. 2020 జూన్‌లో, గల్వాన్‌లో మన సైనికులు ఇరవైమంది ప్రాణాలు ఇచ్చిన తర్వాత, మన ప్రధాని మాటలను, విదేశాంగ శాఖ ప్రకటనను బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం అక్కడివారు వాడే వీచాట్, వీబో ఖాతాల్లో పెడితే అవి అక్కడ తొలగిపోయాయి. వాళ్ళ మాట ఇక్కడ మా అమ్మ ఫోను దాకా వస్తుంది. మన మాట అక్కడి తల్లుల దాకా పోదు. ఈ అసమానతను పక్కనపెట్టి మేలూ కీడూ తూచలేం.

జయపురం నుంచి ఒక సభ్యుడు

క్లుప్తంగా రెండు మాటలు. 1936లో మన దక్షిణ ఒడిశా ప్రాంతాన్ని మద్రాసు నుంచి విడదీసి ఒడిశాలో కలిపారు గాని, అమెరికా వారి లెక్కలో మన ఒడిశా ఈనాటికీ ఆంధ్ర, తెలంగాణలతోపాటు హైదరాబాదు కాన్సులేట్ కిందే ఉంది. బ్రిటన్ వారికైతే మనం కలకత్తా కింద వస్తాం. కాబట్టి బ్రిటన్ వారి హైదరాబాదు పేజీ చూసి అదే మనదనుకోవద్దు.

రెండోది నకిలీ పేజీలు. మా బంధువుల అబ్బాయి ఒక కాన్సులేట్ ముద్ర ఉన్న పేజీని నమ్మి, తెలుగులో తియ్యగా మాట్లాడినవాడికి డబ్బు పంపి పోగొట్టుకున్నాడు. నీలి టిక్కు ఇప్పుడు డబ్బు కడితే వస్తుంది. ఎక్స్‌లో ప్రభుత్వ ఖాతాలకు ఉండేది బూడిద రంగు టిక్కు, దాన్ని చూసి నిర్ధారించుకోండి.

బరంపురం మాస్టారు

పర్లాకిమిడి అమ్మాయి రాసింది చదివాక నా ప్రశ్నను కొంచెం మార్చుకోవలసి వచ్చింది. జోక్యమా కాదా అనేది ఏ భాషలో, ఏ వేదిక మీద మాట్లాడారన్న దాన్నిబట్టి తేలదు. ఆ మాట వల్ల మన మనుషులకు ఉపయోగపడే సంగతి ఏదైనా తెలిసిందా, లేక మన ప్రభుత్వం చేత ఏదైనా చేయించడానికి మనల్ని వాడుకున్నారా అన్నదే గీటురాయి. గాలి లెక్క మొదటి కోవలోకి వస్తుంది, ముల్లు మాట రెండో కోవలోకి.

అయితే రాయగడ మిత్రులకు ఒక సంగతి గుర్తుచేయాలి. ఆ గాలి లెక్కలను అమెరికా 2025 మార్చిలో ప్రపంచమంతటా ప్రకటించడం మానేసింది. ఢిల్లీ, హైదరాబాదులలోని యంత్రాల లెక్కలూ అందులో పోయాయి. ఇచ్చేవారి ఇష్టం మీద ఆధారపడిన మేలును మన హక్కుగా లెక్కవేసుకోలేం.

రాయగడ నుంచి ఒక సభ్యుడు

ఆ ఆపేసిన సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. కాని మాస్టారూ, మీ గీటురాయి మీద పెడితే మీ పక్కింటి అమ్మాయికి జవాబివ్వని పేజీ జోక్యం కిందకు రాదు, నిర్లక్ష్యం కిందకు వస్తుంది. దానికి మందు వేరు. దళారుల నెంబర్లు తొలగించమని, వీసా ప్రశ్నలకు వారానికొక రోజైనా తెలుగులో, ఒడియాలో జవాబులివ్వమని మనమంతా సంతకాలు చేసి ఆ కాన్సులేట్‌కు లేఖ రాద్దాం. ముసాయిదా ఈ ఆదివారంలోగా నేను పెడతాను, పర్లాకిమిడి సోదరి ఒడియా ప్రతి చూస్తే బాగుంటుంది. ఆ పులివేషం ఫొటో మాత్రం తీసెయ్యవద్దని ఆ అమ్మాయికి నా మాటగా చెప్పండి.